పాత విండోస్‌కీ కొత్త విండోస్‌కీ నడుమ సాంబా: ఎంత బాగుంది, ఎక్కడ విసిగిస్తుంది

విండోస్ ఎక్స్‌పీ ఉన్న పీసీ ఒకటి, విండోస్ 11 ఉన్న పీసీ ఒకటి. రెండూ ఒకే స్విచ్‌కి తగిలించి ఉన్నాయి, పింగ్ కొడితే పలుకుతున్నాయి. ఫోల్డర్ తెరవమంటే మాత్రం ససేమిరా అంటాయి. కేబుల్ మార్చినా, వర్క్‌గ్రూప్ పేరు సరిచేసినా, ఫైర్‌వాల్ ఆపేసినా ఇదే తంతు. కారణం చిన్నది. విండోస్ పీసీలు ఫైళ్ళు పంచుకోవడానికి మాట్లాడే భాష పేరు ఎస్ఎంబీ. ఎక్స్‌పీకి వచ్చింది దాని మొదటి వెర్షన్ ఎస్ఎంబీ 1 ఒక్కటే. విస్టాతో ఎస్ఎంబీ 2, విండోస్ 8తో ఎస్ఎంబీ 3 వచ్చాయి గానీ అవి వెనక్కి వెళ్ళి ఎక్స్‌పీలో చేరలేదు. కొత్త విండోస్‌లో ఎస్ఎంబీ 1 ఇన్‌స్టాలై రాదు. ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదన్నమాట.

దారులు రెండు. కొత్త పీసీని కిందికి దింపడం ఒకటి, రెండు భాషలూ వచ్చిన మూడో పీసీని మధ్యలో కూర్చోబెట్టడం ఇంకొకటి. ఆ మూడో పీసీలో నడిచే సాంబా అనే ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ గురించే ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తే, ఈ పనికి ఇంతకన్నా మంచి సరుకు లేదు. కాకపోతే పెట్టగానే పనిచేసే రకం కాదు. తలుపుకి మూడు తాళాలుంటాయి, మూడూ విడివిడిగా తియ్యాలి. ఏ తాళం అడ్డుపడిందో తెరమీద వచ్చే మెసేజ్ సరిగ్గా చెప్పదు. విసుగంతా అక్కడే.

ముందు మొదటి దారి సంగతి, ఎందుకంటే ఎక్కువమంది చేసేది అదే. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, ఎస్ఎంబీ 1.0 దగ్గర టిక్ పెట్టేస్తారు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, పని అయిపోయిందనుకుంటారు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై అనే వైరస్ ఈ ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే పాకింది. దానికి ప్యాచ్ ఆ ఏడాది మార్చిలోనే వచ్చినా వేసుకోనివాళ్ళు బలైపోయారు. ఆ తర్వాతే విండోస్ 10 1709 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని కొత్త ఇన్‌స్టలేషన్లలోంచి తీసేస్తూ వచ్చింది. మరీ తప్పదనుకుంటే టిక్ పెట్టే చోట మూడు పెట్టెలుంటాయి: క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్. కొత్త పీసీ నుంచి పాతదాన్ని తెరవడమే అవసరమైతే క్లయింట్ ఒక్కటి చాలు, సర్వర్ జోలికి పోవద్దు. ఆటోమేటిక్ రిమూవల్‌కి టిక్ ఉంచేస్తే మాత్రం, పీసీ ఆన్‌లో ఉన్న సమయం లెక్కన 15 రోజులు ఎస్ఎంబీ 1 వాడకపోతే విండోస్ దాన్ని చెప్పాపెట్టకుండా ఊడబీకేస్తుంది. "నిన్నటిదాకా పనిచేసింది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

ఇక సాంబా. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఒకే సర్వర్ ఎక్స్‌పీతో ఎస్ఎంబీ 1, విండోస్ 7తో 2.1, విండోస్ 11తో 3.1.1 ఒకేసారి మాట్లాడుతుంది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే ఇద్దరికీ వచ్చిన వాటిల్లో పెద్ద వెర్షన్ ఎంచుకుంటుంది కాబట్టి, కింద ఎస్ఎంబీ 1 అనుమతించినంత మాత్రాన విండోస్ 11 కిందికి జారదు. చాలామందికి ఉండే భయం ఇది, ఆధారం లేనిది. దీనికి పెద్ద హార్డ్‌వేర్ అక్కర్లేదు. 1 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్లో, లేదా మూలనపడ్డ 64 బిట్ పీసీలో డెబియన్ లినక్స్ వేస్తే సరిపోతుంది. సాంబా, డబ్ల్యూఎస్‌డీడీ అనే రెండు ప్యాకేజీలు వేసుకోవాలి. రెండోది ఎందుకో కింద వస్తుంది.

మొదటి తాళం ప్రోటోకాల్. 2019 సెప్టెంబర్లో వచ్చిన 4.11 నుంచి సాంబా తనంతట తాను ఎస్ఎంబీ 1 మాట్లాడటం మానేసింది. అంతకుముందు రాసిన గైడ్లు చూసి పెట్టుకుంటే ఎక్స్‌పీలో "స్పెసిఫైడ్ నెట్‌వర్క్ నేమ్ ఈజ్ నో లాంగర్ అవైలబుల్" అని వస్తుంది. పేరు తప్పేమోనని పేరు వెంట పడతారు, పేరులో ఏ తప్పూ ఉండదు. సెట్టింగుల ఫైల్లో గ్లోబల్ విభాగం కింద ఈ వరుస చేర్చాలి:

సర్వర్ మిన్ ప్రోటోకాల్ = ఎన్‌టీ1 (ఇంగ్లిష్‌లో server min protocol = NT1)

ఎక్స్‌పీకి, విండోస్ 2000కి, విండోస్ 98కి మూడింటికీ ఇదే విలువ. సేవ్ చేశాక టెస్ట్‌పార్మ్ నడిపి అక్షరదోషాలు లేవని చూసుకుని, సాంబా సర్వీసుని రీస్టార్ట్ చెయ్యండి. 4.17 నుంచి ఎస్ఎంబీ 1 భాగాన్ని అసలు లేకుండానే సాంబాని తయారుచేసే వీలొచ్చింది. ఏదైనా లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (డెబియన్ లాంటిది) అలా తయారుచేసి ఇస్తే ఈ వరుస రాసినా ఫలితం ఉండదు. పాత పీసీల కోసం సర్వర్ పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూషన్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది ఇదొక్కటే.

రెండో తాళం పాస్‌వర్డ్. మూడింట్లో ఎక్కువ ఏడిపించేది ఇదే. మొదటి తాళం తీశాక ఎక్స్‌పీ పాస్‌వర్డ్ అడుగుతుంది. సరైనదే కొడతారు, మళ్ళీ అడుగుతుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. పాస్‌వర్డ్ తెలుసని సర్వర్‌కి రుజువు చేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎక్స్‌పీ మామూలుగా పంపేవి వాటిల్లో పాతవైన ఎల్ఎం, ఎన్‌టీఎల్ఎం మొదటి వెర్షన్ జవాబులు. సాంబా 4.5 నుంచి వాటిని ఒప్పుకోదు, ఎన్‌టీఎల్ఎం రెండో వెర్షన్ కావాలంటుంది. ఇక్కడ ఎక్కడ చూసినా కనిపించే సలహా, సర్వర్లో ఎన్‌టీఎల్ఎం ఆత్ విలువని మార్చి పాత జవాబులు కూడా ఒప్పుకునేలా చెయ్యమని. పనిచేస్తుంది, కానీ ఆ సెట్టింగ్ సర్వర్ మొత్తానికి వర్తిస్తుంది. ఒక్క పాత పీసీ కోసం ఇల్లంతా గొళ్ళెం తీసినట్టు. నిజానికి ఎక్స్‌పీకి రెండో వెర్షన్ వచ్చు, అడగనిదే మాట్లాడదు అంతే. ఎక్స్‌పీలో రెజెడిట్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషిన్‌లో సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, ఎల్ఎస్ఏ వరసగా వెళ్ళి, ఎల్ఎంకంపాటిబిలిటీలెవెల్ అనే డీవర్డ్ విలువని 3 చెయ్యండి. లేకపోతే కొత్తగా సృష్టించండి. ఆ తర్వాత ఒకసారి రీబూట్. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే లోకల్ సెక్యూరిటీ పాలసీలో ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్ అనే చోట కూడా మార్చవచ్చు. హోమ్ ఎడిషన్లో ఆ తెర లేదు, రెజెడిటే గతి. దీంతో సర్వర్లో ఏమీ సడలించకుండానే పని జరుగుతుంది.

విండోస్ 98 సంగతి ఇంత సాఫీగా ఉండదు. ఉన్నదున్నట్టుగా దానికి వచ్చింది ఎల్ఎం జవాబు ఒక్కటే. సర్వర్లో ల్యాన్‌మ్యాన్ ఆత్ = యెస్, ఎన్‌టీఎల్ఎం ఆత్ = యెస్ రెండూ పెట్టాలి. అంతా పెట్టినా లాగిన్ కాకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎల్ఎం రకం హ్యాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తుని) సాంబా ముందుగా దాచిపెట్టుకోదు. ఆ సెట్టింగ్ ఆన్ చేశాక ఎస్ఎంబీపాస్‌వర్డ్ (smbpasswd) కమాండ్‌తో అదే పాస్‌వర్డ్‌ని మళ్ళీ ఒకసారి పెడితేనే అది తయారవుతుంది. పాస్‌వర్డ్ 14 అక్షరాలు దాటకూడదు. పెద్దక్షరాలు చిన్నక్షరాలు అనే తేడా ఎల్ఎంకి లేదు, అన్నిటినీ పెద్దవి చేసేస్తుంది. అందుకని ఈ యూజర్‌కి మరెక్కడా వాడని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇంకో తిరకాసు: 98 పాస్‌వర్డ్ మాత్రమే అడుగుతుంది, యూజర్‌నేమ్ అడగదు. పీసీ బూటయ్యేటప్పుడు లాగిన్ పెట్టెలో ఏ పేరు కొట్టారో అదే సర్వర్‌కి పంపుతుంది. ఆ పెట్టెని ఎస్కేప్ కొట్టి దాటేసే అలవాటుంటే నెట్‌వర్క్ అసలే రాదు.

యూజర్ తయారీలోనూ చాలామంది ఒక మెట్టు మర్చిపోతారు. సాంబా యూజర్ కావాలంటే ముందు అదే పేరుతో లినక్స్ యూజర్ ఉండాలి. లేకుండా ఎస్ఎంబీపాస్‌వర్డ్ మైనస్ ఏ కొడితే ఎర్రర్ వస్తుంది. ఉన్నా, ఆ లినక్స్ యూజర్‌కి ఫోల్డర్ మీద రాసే అనుమతి లేకపోతే ఫైళ్ళు కనిపిస్తాయి గానీ కాపీ చేస్తే యాక్సెస్ డినైడ్ అంటుంది. షేర్ సెట్టింగుల్లో రీడ్ ఓన్లీ = నో అని ఎంత మొత్తుకున్నా ఫోల్డర్ అనుమతిదే పైచేయి.

మూడో తాళం పేరు. పాత పీసీలు ఒకదాన్నొకటి నెట్‌బయాస్ అనే పాత పద్ధతిలో కేకలతో వెతుక్కుంటాయి, యూడీపీ 137, 138 పోర్టుల మీద. ఫైళ్ళకి 139, విండోస్ 2000 నుంచి 445. విండోస్ 10, 11 ఆ కేకలు వినడం మానేసి డబ్ల్యూఎస్ డిస్కవరీ వాడతాయి, యూడీపీ 3702, టీసీపీ 5357. సాంబాతో వచ్చే ఎన్ఎంబీడీ అనే ప్రోగ్రాముకి మొదటి పద్ధతి మాత్రమే తెలుసు. అందుకే ఎక్స్‌పీ మై నెట్‌వర్క్ ప్లేసెస్‌లో సర్వర్ కనిపిస్తుంది, విండోస్ 11 నెట్‌వర్క్ తెరలో కనిపించదు. డబ్ల్యూఎస్‌డీడీ వేస్తే అక్కడా కనిపిస్తుంది. ఇది సాంబాలోనే ఉండాల్సిన పని. వేరే ప్యాకేజీ వెతుక్కోవలసి రావడం లోపమే.

అయినా నెట్‌వర్క్ తెర మీద ఆధారపడకపోవడం మేలు. పాత పద్ధతిలో ఒక పీసీ తన ఉనికిని 12 నిమిషాలకొకసారి చాటుతుంది, జాబితా పంచేది ఎవరో పీసీల మధ్య ఎన్నిక జరుగుతుంది, పీసీ ఆపేశాక కూడా దాని పేరు జాబితాలో వేలాడుతూ ఉంటుంది. రౌటర్లో సర్వర్‌కి ఒక స్థిరమైన ఐపీ కేటాయించి, ఎక్స్‌పీలోనూ 11లోనూ \\192.168.1.20 లాగా నేరుగా కొట్టి, డ్రైవ్ అక్షరంగా మ్యాప్ చేసుకోండి. 98 దగ్గర పేరు వాడటమే మేలు, కాబట్టి విండోస్ ఫోల్డర్లో ఎల్ఎంహోస్ట్స్ అనే ఫైల్ తయారుచేసి అందులో ఐపీ, పక్కన సర్వర్ పేరు రాయాలి. నోట్‌ప్యాడ్ దాని వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలించేస్తుంది, ఆ తోక ఉంటే విండోస్ ఆ ఫైల్ని పట్టించుకోదు. సర్వర్ పేరు 15 అక్షరాల లోపు, షేర్ పేరు 12 లోపు ఉండాలి. షేర్ పేరు 12 దాటితే టెస్ట్‌పార్మే హెచ్చరిస్తుంది. 98కి అలాంటి షేర్ దొరక్కపోవచ్చు.

ఇప్పుడు కొత్త వైపు నుంచి వచ్చే చిక్కు. నెట్‌లో దొరికే రెడీమేడ్ సెట్టింగుల్లో సగానికి సగం గెస్ట్ షేర్లే: పాస్‌వర్డ్ లేదు, ఎవరైనా రావచ్చు. విండోస్ 11 24హెచ్2 ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లు ఎస్ఎంబీ సైనింగ్ (ప్రతి సందేశానికీ పాస్‌వర్డ్‌తో పుట్టిన కీతో సంతకం చెయ్యడం) తప్పనిసరి చేశాయి. గెస్ట్‌గా వచ్చినవాడికి పాస్‌వర్డ్ లేదు, పాస్‌వర్డ్ లేకపోతే సంతకం చెయ్యడానికి కీ ఉండదు, కాబట్టి కనెక్షన్ తెగుతుంది. దీనికోసం విండోస్‌లో సైనింగ్ ఆపే చిట్కాలు తిరుగుతున్నాయి, వాటి జోలికి పోకండి. సర్వర్లో గెస్ట్ తీసేసి మామూలు యూజర్ పెడితే చాలు, సాంబాకి సైనింగ్ బాగానే వచ్చు. ఎప్పుడో వేగం కోసం సర్వర్ సైనింగ్ = డిసేబుల్డ్ అని రాసి ఉంటే ఆ వరుస చెరిపెయ్యండి.

అంతా కుదిరిందో లేదో చూడటానికి సాంబా ఇచ్చే పరికరం ఎస్ఎంబీస్టేటస్. రెండు పీసీల నుంచీ షేర్ తెరిచి ఉంచి, సర్వర్లో అది నడపండి. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో వరుస వస్తుంది: యూజర్, ఐపీ, ప్రోటోకాల్ వెర్షన్, ఎన్‌క్రిప్షన్, సైనింగ్. ఎక్స్‌పీ వరుసలో ఎన్‌టీ1 అని, విండోస్ 11 వరుసలో ఎస్ఎంబీ3_11 అని ఉండాలి. విండోస్ 11 వరుసలో కూడా ఎన్‌టీ1 కనిపిస్తే ఎవరో మ్యాక్స్ ప్రోటోకాల్ కూడా కిందికి దించారని అర్థం. ఆ వరుస తీసెయ్యండి. ఈ ఒక్క తెర కోసమైనా సాంబాకి మార్కులు వెయ్యొచ్చు. విండోస్‌లో ఇదే సంగతి తెలుసుకోవాలంటే పవర్‌షెల్ తెరవాలి.

భద్రత విషయంలో సాంబా మీద నిజమైన ఫిర్యాదు ఒకటుంది. కనీస ప్రోటోకాల్ షేర్‌కొకటి పెట్టుకోలేం, సర్వర్ మొత్తానికి ఒకటే. "ఈ ఫోల్డర్‌కి పాతవాళ్ళు, మిగతావాటికి కొత్తవాళ్ళే" అనాలంటే వేరే సెట్టింగుల ఫైల్, వేరే ఐపీతో రెండో సాంబాని నడపాలి, కంటైనర్లో అయితే సులువు. ముఖ్యమైన ఫైళ్ళున్న సర్వర్లో ఎస్ఎంబీ 1 తెరవకుండా, వంతెన పని కోసం విడిగా ఒక చిన్న పెట్టె పెట్టడమే తెలివైన పని. దానిలో రెండు షేర్లు చాలు. పాత పీసీ తీసుకునేవి ఒకదాంట్లో, రీడ్ ఓన్లీగా. అది ఇచ్చేవి రెండోదాంట్లో, రాయడానికి వీలుగా. పాత పీసీకి వైరస్ తగిలినా అది పాడుచెయ్యగలిగేది ఆ రెండో ఫోల్డర్నే. హోస్ట్స్ అలౌ వరుసలో ఆ పీసీల ఐపీలు మాత్రమే రాయండి. ఇక ఎక్స్‌పీలో ఐపీ చేత్తో ఇచ్చి, డిఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలెయ్యండి. లోకల్ నెట్‌వర్క్ అంతా పనిచేస్తుంది, ఇంటర్నెట్‌కి మాత్రం దారి ఉండదు. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయని గుర్తుంటే ఇది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

కనెక్షన్ కుదిరాక ఫైళ్ళ దగ్గర వచ్చే పేచీలు వేరు. 98లో డిస్కు ఫ్యాట్32 కాబట్టి 4 జీబీ దాటిన ఫైల్ ఎంతసేపు కాపీ అయినా చివర్లో తన్నేస్తుంది. మ్యాప్ చేసిన డ్రైవ్ మీదికి ఇన్‌స్టాల్ చెయ్యబోతే కొన్ని పాత ప్రోగ్రాములు 2 టీబీ ఖాళీ ఉన్న చోట కూడా "స్థలం చాలదు" అంటాయి. అంత పెద్ద అంకెని లెక్కపెట్టడం వాటికి రాదు. షేర్‌కి మ్యాక్స్ డిస్క్ సైజ్ = 1000 అని రాస్తే, డిస్కు 1000 ఎంబీయే ఉన్నట్టు సాంబా అబద్ధం చెబుతుంది, ప్రోగ్రాము నమ్మేస్తుంది. తెలుగులో పేరుపెట్టిన ఫైళ్ళు ఎక్స్‌పీలో సరిగ్గా వస్తాయి, యూనికోడ్ ఉంది కాబట్టి. 98 మాత్రం డాస్ కోడ్‌పేజీ మీద నడుస్తుంది, అందులో తెలుగు అక్షరాలకి చోటు లేదు. అడ్డదిడ్డమైన పొట్టి పేరు కనిపిస్తుంది. 98కి వెళ్ళేవాటికి ఇంగ్లిష్ పేర్లే పెట్టండి.

పాత అకౌంటింగ్ ప్రోగ్రాముల డీబీఎఫ్, ఎండీబీ ఫైళ్ళని షేర్ మీద పెట్టి రెండు పీసీల నుంచి తెరుస్తుంటే మాత్రం జాగ్రత్త. ఓప్‌లాక్ అనే ఏర్పాటు వల్ల ఒక పీసీ తన మార్పుల్ని కాసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ సమయంలో అది వేలాడిపోయినా, కేబుల్ కదిలినా డేటాబేస్ చెడిపోతుంది. వీటో ఓప్‌లాక్ ఫైల్స్ వరుసలో ఆ రెండు ఎక్స్‌టెన్షన్లూ చేర్చండి. వేగం కాస్త తగ్గుతుంది, ఫైలు బతుకుతుంది. సింక్ ప్రోగ్రాము ప్రతిసారీ అన్ని ఫైళ్ళూ మళ్ళీ కాపీ చేస్తుంటే అది సమయం తేడా. ఫ్యాట్ డిస్కులు మార్పు సమయాన్ని 2 సెకన్ల మెట్లలోనే రాసుకుంటాయి. సింక్ ప్రోగ్రాములో 2 సెకన్ల తేడాని వదిలెయ్యమనే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. ఫైళ్ళ తేదీలు 2001, 2002 అని పడుతుంటే పాత మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయిందని. ఎక్కువగా సీఆర్ 2032 ఉంటుంది, మార్చెయ్యండి.

వేగం గురించి పెద్ద ఆశలు వద్దు. 100 ఎంబీపీఎస్ కార్డుతో సెకనుకి 11 ఎంబీ దాకా వస్తే గొప్ప, అంటే 700 ఎంబీ సీడీ ఇమేజ్‌కి నిమిషం పైచిలుకు. 10 ఎంబీపీఎస్ కార్డయితే అదే ఫైల్‌కి పది పన్నెండు నిమిషాలు. వేలకొద్దీ చిన్న ఫైళ్ళుంటే ఈ లెక్కలేవీ నిలబడవు. ఎస్ఎంబీ 1 ఒక్కో ఫైల్‌కి ఎన్నో ప్రశ్నలు జవాబులు నడుపుతుంది, కాబట్టి ముందు జిప్ చేసి పంపండి. ఒకవైపు వేగంగా, రెండోవైపు నత్తనడకన వెళ్తుంటే సాంబాని తిట్టకండి. పాత కార్డు సెట్టింగుల్లో ఎవరో 100 ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో పెట్టి ఉంటారు. ఆటోలో ఉన్న స్విచ్‌కి ఆ సంగతి తెలియక హాఫ్ డ్యూప్లెక్స్‌లో కూర్చుంటుంది. కార్డుని కూడా ఆటో చెయ్యండి. కొన్ని కొత్త మల్టీగిగ్ స్విచ్‌లు 10 ఎంబీపీఎస్‌ని పూర్తిగా వదిలేశాయి, లైటే వెలగదు. అప్పుడు మధ్యలో ఒక పాత 10/100 స్విచ్ పెడితే సరి.

సాంబా బదులు విండోస్ 7 పీసీని మధ్యలో పెడితే ఏ సెట్టింగూ లేకుండా రెండు వైపులా మాట్లాడుతుంది, నిజమే. దానికి అప్‌డేట్లు 2020 జనవరితో ఆగాయి. రాత్రింబవళ్ళు నెట్‌వర్క్‌లో ఉండే పీసీకి అది తగదు. డాస్ పీసీలకైతే సాంబాతో కుస్తీ పట్టే బదులు ఎంటీసీపీ అనే ఉచిత ప్యాకేజీలోని ఎఫ్‌టీపీ వాడటం హాయి. పాత మ్యాక్‌లది వేరే కథ, అవి ఏఎఫ్‌పీ అనే వేరే భాష మాట్లాడతాయి. అదే పెట్టెలో సాంబా పక్కన ఆ భాష వచ్చిన నెటాటాక్ వేసుకోవాలి.

ఒకే ఒక్కసారి పాత డిస్కులోని ఫైళ్ళన్నీ తెచ్చుకోవడమే పనైతే ఇదంతా దండగ. పాత పీసీ ఆపి, డిస్కు ఊడదీసి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో కొత్త పీసీకి తగిలించండి. డిస్కు వెనక జంపర్ మాస్టర్ స్థానంలో ఉండాలి. 3.5 అంగుళాల డిస్కుకి యూఎస్‌బీ కరెంటు చాలదు, అడాప్టర్‌తో వచ్చే పవర్ వైరు కూడా పెట్టాలి.